మగ్గం అచ్చు నుంచి కంటికి ఎంత దూరం?

ఉరవకొండలో నలభై ఏళ్లుగా పట్టుచీరలు నేస్తున్న మా పెదనాన్నకు నిరుడు అనంతపురంలో కుడికంటి శుక్లం తీయించాం. ఆ ప్రైవేటు ఆసుపత్రిలో డాక్టరు దగ్గర కంటే కౌంటరు దగ్గరే ఎక్కువసేపు కూర్చున్నాం. శుక్లం తీశాక కంట్లో అమర్చేందుకు మామూలు లెన్సు, మడత లెన్సు, విదేశీ లెన్సు, అన్నింటికీ పైన మల్టీఫోకల్ అంటూ ధరల కార్డు ముందు పెట్టారు. జీవితమంతా చీరలు నేసిన మనిషికి చీరల కొట్లోలాగే రకాలు చూపించారు. ‘మీరేం పని చేస్తారు?’ అని మాత్రం ఎవరూ అడగలేదు. మాకూ చెప్పాలని తోచలేదు. మధ్యరకం తీసుకున్నాం.

ఆపరేషన్ చక్కగా జరిగింది. కట్టు విప్పగానే కొండ అంచు స్పష్టంగా కనిపిస్తోందని మురిసిపోయారు. మగ్గం గుంటలో కూర్చున్నాక తెగిన పోగు కనిపించలేదు. కళ్లజోడు తప్పలేదు.

లెన్సులో లోపమేమీ లేదు. మామూలు లెన్సు ఒక్క దూరానికే చూపునిస్తుంది. ఏమీ చెప్పకపోతే సాధారణంగా దూరపు చూపుకే పవరు లెక్కగడతారు. పవరు కాస్త పెంచితే అదే లెన్సు, అదే ధరకు, చేయి చాచినంత దూరాన్ని స్పష్టంగా చూపిస్తుంది. అప్పుడు కొండ చూడటానికి కళ్లజోడు కావాలి. నేతగాడికి ఏది మేలో ధరల కార్డు చెప్పదు.

మడత లెన్సు గొప్పతనం ముఖ్యంగా గాటు చిన్నదిగా ఉండటంలో ఉంది. మూడు మిల్లీమీటర్ల లోపు గాటులోంచి దూరి లోపల విచ్చుకుంటుంది. విదేశీ అన్న మాటకు నేను పెద్ద విలువ ఇవ్వను. మదురైలో ఆరోల్యాబ్ అనే సంస్థ 1992 నుంచే లెన్సులు తయారుచేసి దిగుమతి ధరల మోజును దెబ్బతీసింది. ఇక మల్టీఫోకల్ వెలుతురును దూరానికీ దగ్గరికీ పంచుతుంది. పంచితే ఎవరి వాటా అయినా తగ్గుతుంది కదా! రాత్రిపూట లైట్ల చుట్టూ వలయాలు కనిపించవచ్చు. మధుమేహంతో రెటీనా (కంటి వెనుక పొర) దెబ్బతిన్నవారికి సాధారణంగా దాన్ని వద్దంటారు.

ఇంత ఖరీదు చర్చలో అసలైన పని మరుగున పడిపోతుంది. అది ఆపరేషన్‌కు ముందు కంటి కొలతలు తీయడం. కనుగుడ్డు పొడవు కొలవడంలో ఒక్క మిల్లీమీటరు తేడా వస్తే చూపులో పవరు సుమారు రెండున్నర డయాప్టర్లు (పవరును కొలిచే ప్రమాణం) తప్పుతుంది. ఎంత ఖరీదైన లెన్సయినా ఆ తప్పును దిద్దలేదు. పవరు తప్పడం మొదటి నుంచీ ఉన్నదే. 1949లో లండన్‌లో కంటి వైద్యుడు హెరాల్డ్ రిడ్లీ తొలి లెన్సు అమర్చారు. యుద్ధవిమానాల ప్లాస్టిక్ అద్దాల ముక్కలు పైలట్ల కళ్లలో ఇరుక్కున్నా కన్ను వాటిని సహించిందని గమనించి, అదే రకం ప్లాస్టిక్ వాడారు. ఆ తొలి రోగికి ప్లాస్టిక్ సరిపోయింది కానీ పవరు దారుణంగా తప్పింది. దూరంవి మసకబారే హ్రస్వదృష్టి బాగా వచ్చింది.

ఇప్పుడు పెదనాన్న ఎడమకంటి వంతు. రెండు కళ్లకూ కొద్ది తేడాతో పవరు పెట్టే పద్ధతీ ఉందని, అది అందరికీ అలవాటు కాదని ఈసారి డాక్టరే వివరంగా చెప్పారు. పెదనాన్న ఇంటికొచ్చి మగ్గం గుంటలో కూర్చున్నారు. పోగుల్ని దువ్వెనలా విడదీసే అచ్చు నుంచి కంటి దాకా పట్టుపోగు ఒకటి లాగి, అక్కడికి తెంపి, మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నారు. కొలతల రోజున డాక్టరుకు ఇస్తారట.