67 ఆసియాకు పేరు పెట్టింది నాసా కాదు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం విస్తృతంగా తిరుగుతోంది. '67 ఆసియా' అనే గ్రహశకలానికి నాసా మన ఖండం పేరు పెట్టి గౌరవించిందనీ, 67 అన్నది కిలోమీటర్లలో దాని వ్యాసమనీ, రుసుము చెల్లిస్తే మన పిల్లల పేరు కూడా అలాగే ఒక గ్రహశకలానికి పెట్టి సర్టిఫికెట్ పంపుతారనీ దాని సారాంశం. ఆ పేరుకూ మన ఖండానికీ సంబంధం ఉన్నమాట నిజం. మిగిలినదేదీ నిలవదు.

నాసా ఏర్పడింది 1958లో. కుజ, గురు గ్రహాల కక్ష్యల నడుమ తిరిగే ఈ గ్రహశకలాన్ని ఖగోళ శాస్త్రవేత్త నార్మన్ పోగ్సన్ 1861 ఏప్రిల్ 17న మద్రాసు అబ్జర్వేటరీ నుంచి కనుగొన్నారు. మన రెండు జిల్లాల ప్రాంతం అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలోదే కాబట్టి, ఈ ఘనతను అమెరికాకు కట్టబెట్టడం మరీ విడ్డూరం. నక్షత్రాల ప్రకాశాన్ని లెక్కించేందుకు నేటికీ వాడుతున్న కొలమానాన్ని 1856లోనే ప్రతిపాదించిన పోగ్సన్, 1861లో మద్రాసులో బాధ్యతలు చేపట్టిన కొద్ది కాలానికే దీనిని గుర్తించారు. ఆసియా ఖండం నుంచి కనుగొన్న తొలి గ్రహశకలం ఇదే కావడంతో ఆ పేరును ఆయనే ఎంచుకున్నారు; గ్రీకు పురాణాల్లోని టైటాన్లు అనే ఆదిదేవతల్లో ఆసియా అనే వనిత కూడా ఉండడంతో, గ్రహశకలాలకు పురాణ స్త్రీల పేర్లు పెట్టే నాటి ఆనవాయితీ సైతం చెల్లింది.

67 అన్నది గ్రహశకలాల జాబితాలో దాని వరుస సంఖ్య మాత్రమే. వ్యాసం నిజంగానే 60 కిలోమీటర్లకు అటూ ఇటూ ఉండడం వల్ల ఈ తప్పు నమ్మదగినట్లు కనిపిస్తుంది గానీ, ఇదే లెక్కన 1988లో తమిళనాడులోని కావలూరు అబ్జర్వేటరీ నుంచి కనుగొన్న '4130 రామానుజన్' గ్రహశకలం భూమి వ్యాసంలో దాదాపు మూడో వంతు ఉండాలి!

అసలు ప్రమాదం సర్టిఫికెట్‌తోనే. గ్రహశకలం కక్ష్య ఖరారై సంఖ్య లభించాక, పేరు ప్రతిపాదించే హక్కు పదేళ్లపాటు కనుగొన్నవారికే ఉంటుంది. ఆ ప్రతిపాదనను అంతర్జాతీయ ఖగోళ సమాఖ్యకు చెందిన నామకరణ సంఘం పరిశీలించి ఆమోదించాలి. పేరు పదహారు అక్షరాలకు మించకూడదు, వాణిజ్యపరమైనది కాకూడదు. ఈ ప్రక్రియలో పేర్ల అమ్మకం ఎక్కడా లేదు. అంతర్జాతీయ సైన్స్ పోటీల్లో రాణించిన విద్యార్థుల పేర్లు, భారతీయులతో సహా, కొన్ని గ్రహశకలాలకు ఉన్నాయి. అవి అమెరికాలోని లింకన్ లేబొరేటరీ పరిశోధకులు తాము కనుగొన్నవాటికి ప్రతిపాదించినవి, ఏ తల్లిదండ్రులూ కొనుక్కున్నవి కావు.