డిష్టుంగ్ అంటే చిక్కదనం కాదు

ఐరోపా భాషల్లో కవిత్వానికున్న పేర్ల గురించి సాహిత్య చర్చల్లో పదే పదే వినిపించే వాదన ఒకటి ఉంది. ‘చేయడం’ అనే అర్థమున్న గ్రీకు ‘పొయేసిస్’ నుంచే ఆ పేర్లన్నీ వచ్చాయి కాబట్టి ఇంగ్లీషు పొయెట్రీ, ఫ్రెంచి పొయెజీ, ఇటాలియన్ పొయెజియా ఒకదాని బదులు మరొకటి వాడుకోదగ్గవేనన్నది అందులో మొదటి మాట. జర్మన్ మాత్రం ‘డిష్టుంగ్’ అనే వేరే పదం పెట్టుకుందనీ, దానికి ‘చిక్కబరచడం’ అని అర్థమనీ, కవిత్వమంటే సాంద్రత అన్న రహస్యం జర్మన్లకు సొంత భాషలోనే దొరికిందనీ రెండో మాట. అది కవిత్వానికి జర్మన్ పేరే కాబట్టి అనువాదంలో ఎక్కడ డిష్టుంగ్ కనబడినా ‘కవిత్వం’ అని రాసుకుంటే చాలునన్నది మూడోది. వినడానికి మూడూ బాగానే ఉంటాయి కానీ పరిశీలనకు ఒక్కటీ నిలవదు. రెండోది అన్నిటికంటే ఎక్కువ ప్రచారం పొందింది కనుక దానితోనే మొదలుపెడతాను.

ఈ మాటకు పేరు తెచ్చినవాడు అమెరికన్ కవి ఎజ్రా పౌండ్. 1934లో వచ్చిన ‘ఏబీసీ ఆఫ్ రీడింగ్’లో ఆయన, తన మిత్రుడూ కవీ అయిన బేసిల్ బంటింగ్ ఒక జర్మన్-ఇటాలియన్ నిఘంటువు తిరగేస్తుండగా ‘డిష్టెన్’ అనే జర్మన్ క్రియకు ఇటాలియన్‌లో ‘కొండెన్సారె’, అంటే చిక్కబరచడం, అని అర్థం కనబడిందనీ, కవిత్వాన్ని సాంద్రతగా చూడడం దాదాపు జర్మన్ భాషంత పాతదనీ రాశాడు. ఈ సిద్ధాంతానికి ఆధారం ఇంతే: రెండు భాషల నిఘంటువులో ఒక పదానికి ఇచ్చిన అర్థం, దాన్ని చూసి ముచ్చటపడిన ఇద్దరు కవులు.

నిజానికి జర్మన్‌లో ‘డిష్టెన్’ అనే క్రియలు రెండున్నాయి. రాయడం, రచించడం అనే అర్థమున్నది లాటిన్ ‘డిక్తారె’ నుంచి వచ్చింది. డిక్తారె అంటే ఒకరు చెబుతుంటే మరొకరు రాసుకునేలా చెప్పడం. బళ్లో మాస్టారు చెప్పే డిక్టేషన్‌కూ, డిక్టేటర్‌కూ మూలం అదే. మధ్యయుగాల్లో పండితుడు తాను చెబుతూ లేఖకుడి చేత రాయించేవాడు కాబట్టి ఆ క్రియకు ‘రచించు’ అనే అర్థం స్థిరపడింది; ఉత్తరాలూ శాసనపత్రాలూ కూర్చే విద్యను కూడా లాటిన్‌లో ఆ ధాతువుతోనే పిలిచేవారు. ఆ పదం జర్మన్‌లోకి దిగినప్పుడు దాని తొలి హల్లు ‘డ’ కాదు, ‘ట’. మధ్యయుగపు జర్మన్‌లో అది ‘టిహ్టెన్’. దట్టమైన, సందులేని అనే అర్థమున్న ‘డిష్ట్’ అనే విశేషణం దానికి ఏ చుట్టరికమూ లేని అచ్చమైన జర్మానిక్ పదం. ఇంగ్లీషు ‘టైట్’ దానికి జ్ఞాతి. రచనాపదంలోని ‘ట’ కాలక్రమంలో ‘డ’గా మారడంతో రెండూ ఒకే రూపానికి వచ్చాయి. దట్టమైన అనే విశేషణం నుంచి పుట్టిన రెండో ‘డిష్టెన్’కు కారకుండా బిగించడం అని అర్థం, దాని నామవాచకం కూడా డిష్టుంగే. జర్మనీలో కాపురమున్న తెలుగువాళ్లు కుళాయి కారుతుంటే హార్డ్‌వేర్ దుకాణానికి వెళ్లి కొనుక్కొచ్చే రబ్బరు వాషర్ పేరు డిష్టుంగ్. ప్రెషర్ కుక్కర్ మూత లోపల పెట్టే గాస్కెట్ డిష్టుంగ్స్‌రింగ్. చిక్కబరచడం అని చెప్పాలంటే జర్మన్లు ‘ఫెర్‌డిష్టెన్’ అంటారు. బంటింగ్ చూసిన ఇటాలియన్ అర్థం ఈ గాస్కెట్ కుటుంబానికి దగ్గరిదే తప్ప కవికి చెందినది కాదు.

తెలుగులో ‘పాలు’ అంటే క్షీరమూ, వాటా కూడా. ‘నా పాలు నాకు పంచండి’ అన్న మాట ఆధారంగా తెలుగువారి దృష్టిలో ఆస్తి పంపకం తల్లిపాలంత పవిత్రమైనదని ఎవరైనా వ్యాసం రాస్తే మనం నవ్వుకుంటాం. డిష్టుంగ్ సిద్ధాంతం అలాంటిదే. జర్మన్ మాట్లాడేవారు ఈ రెండు పదాలతో శ్లేష ఆడుకోరని కాదు. కవికీ, ‘మరింత దట్టమైన’ అనే మాటకూ ఒకే రూపం ఉన్నప్పుడు ఆడుకోకుండా ఎలా ఉంటారు? శ్లేష చమత్కారమే కానీ వ్యుత్పత్తి కాదు. క్లుప్తత కవితాగుణమని నిరూపించడానికైతే వేమన ఆటవెలది ఒక్కటి చాలు, దానికి జర్మన్ నిఘంటువు సాక్ష్యం అక్కర్లేదు.

ఇక మొదటి మాట. ‘పొయేసిస్’ గ్రీకులోనే ఒక హద్దులో నిలవని పదం. ప్లేటో ‘సింపోజియం’ అనే సంభాషణలో దియొతిమ అనే జ్ఞానవతి ఈ సంగతే సోక్రటీసుకు చెబుతుంది: లేనిదాన్ని ఉన్నదిగా చేసే ప్రతి పనీ పొయేసిసే, అయినా సంగీతానికీ ఛందస్సుకూ సంబంధించిన ముక్కకే ఆ పేరంతా కట్టబెట్టారు. ఛందస్సును బట్టి కవి అని పిలిచే అలవాటును అరిస్టాటిల్ ఇంకా గట్టిగా ఆక్షేపించాడు. హోమర్‌కూ, ప్రకృతి గురించి పద్యాల్లో రాసిన తత్త్వవేత్త ఎంపెదొక్లిస్‌కూ ఛందస్సు తప్ప ఉమ్మడిగా ఏమీ లేదు కాబట్టి మొదటివాణ్ణి కవి అనాలనీ, రెండోవాణ్ణి ప్రకృతి శాస్త్రవేత్త అనడమే న్యాయమనీ ‘పొయెటిక్స్’ మొదటి అధ్యాయంలోనే అన్నాడు. వచనంలో ఉన్న సోక్రటీసు సంభాషణలనూ ఛందోబద్ధ రచననూ కలిపి పిలవడానికి తన భాషలో పేరే లేదని కూడా అక్కడే చెప్పాడు. మూలభాషలోనే హద్దులపై ఇంత తగవున్న పదం పది భాషల్లోకి వెళ్లి అన్నిచోట్లా ఒకే అర్థంతో కూర్చుందనడం నమ్మదగిన మాట కాదు.

పైగా ఇంగ్లీషు ‘పొయెట్రీ’ పొయేసిస్ నుంచి రాలేదు. అలా వచ్చినది ‘పొయెసీ’. పొయెట్రీ మధ్యయుగపు లాటిన్ ‘పొయెత్రియా’ నుంచి వచ్చింది. ప్రాచీన లాటిన్‌లో ఆ పదానికి అర్థం కవయిత్రి! ధాతువు ఒకటే అయినా దారులు వేరు. ఈ రెండు పదాలూ ఇంగ్లీషులో పక్కపక్కనే ఎలా బతికాయో చూడాలంటే పదహారో శతాబ్దపు ఇంగ్లీషు కవి ఫిలిప్ సిడ్నీ గ్రంథం చాలు. ఆయన మరణానంతరం 1595లో ఒకే రచనను ఇద్దరు ప్రచురణకర్తలు వేరువేరుగా అచ్చువేశారు. ఒకరి ప్రతి మీద ‘ది డిఫెన్స్ ఆఫ్ పొయెసీ’ అనీ, మరొకరి ప్రతి మీద ‘యాన్ అపాలజీ ఫర్ పొయెట్రీ’ అనీ ఉంది. ఆ గ్రంథంలో సిడ్నీ పద్యం కవిత్వానికి అలంకారమే కానీ కారణం కాదని వాదించాడు. ఇప్పుడు ఇంగ్లీషువాళ్లు పొయెసీ అనే మాటను మామూలు వాడుకలో దాదాపు వదిలేశారు, పొయెట్రీ అంటే ముందుగా పద్యమో వచన కవితో గుర్తుకొస్తుంది.

అనువాదకుడికి అసలు చిక్కు రోజువారీ వాడుకలో ఎదురవుతుంది. ఇటాలియన్‌లో ‘ఊనా పొయెజియా’ అంటే ఒక కవిత. అదే పొయెజియా కవిత్వమంతటికీ పేరు. ‘పొయెమా’ మాత్రం చిన్న కవితకు వాడరు, అది పెద్ద కావ్యం. దాంతే తన ‘డివైన్ కామెడీ’ని ‘పొయెమా సాక్రో’, పవిత్ర కావ్యం, అన్నాడు. ఫ్రెంచిలో ఒక కవితను ‘పొయెమ్’ అంటారు, అయితే బడిపిల్లవాడు కంఠస్థం చేసి అప్పజెప్పేది ‘ఊన్ పొయెజీ’. అన్నిటికీ మూలం గ్రీకేనన్న మాట కూడా తప్పే: వెల్ష్ ‘బర్దొనియేత్’ కవిగాయకుడు అనే అర్థమున్న బార్డ్ అనే కెల్టిక్ పదం నుంచి పుట్టింది, ఐరిష్, ఫిన్నిష్, హంగేరియన్ భాషలకు సొంత పేర్లున్నాయి. చెక్ భాషలో ‘బాసెన్య్’ అంటే కవిత, దాని తోబుట్టువైన రష్యన్ ‘బాస్న్య’ అంటే నీతికథ.

డిష్టుంగ్‌ను ఎక్కడైనా ‘కవిత్వం’ అనేయొచ్చన్న మూడో మాటకు సమాధానం జర్మన్ కవి గోథే ఆత్మకథ పేరులోనే ఉంది. 1811లో మొదలై చివరి భాగం ఆయన పోయాక 1833లో వెలువడిన ఆ గ్రంథం ‘డిష్టుంగ్ ఉంట్ వార్‌హైట్’. వార్‌హైట్ అంటే సత్యం, అందులో తగవు లేదు. డిష్టుంగ్ దగ్గర ఇంగ్లీషు అనువాదకులు రెండు దారులు పట్టారు. కొందరు ‘పొయెట్రీ’ అన్నారు, కొందరు ‘ఫిక్షన్’ అన్నారు. పొయెట్రీ అంటే పాఠకుడు పద్యాల కోసం వెతుకుతాడు, కానీ పుస్తకం వచనం. ఫిక్షన్ అంటే గోథే తన బతుకు గురించి అబద్ధాలు కలిపి రాశాడనిపిస్తుంది. జర్మన్ పాఠకుడికి ఈ ఇరకాటం లేదు, ఎందుకంటే అక్కడ నవలాకారుణ్ణీ నాటకకర్తనూ కూడా ‘డిష్టర్’ అంటారు. డిష్టుంగ్ అంటే ఊహతో రూపుదిద్దిన రచన ఏదైనా కావచ్చు. గోథే స్వయంగా బవేరియా రాజు లుడ్విగ్‌కు రాసిన ఉత్తరంలో, కథ చెప్పేవాడికీ చెప్పే తీరుకూ చెందినదంతా ఆ పదంలో ఇమిడ్చానని వివరించాడు. కేవలం కవితలకైతే ఇవాళ్టి జర్మన్ పుస్తకాల దుకాణంలో అలమార మీద ఉండే పేరు ‘లిరిక్’.

ఇక్కడ తెలుగువారికి ఇంగ్లీషువారి కంటే వెసులుబాటు ఎక్కువ. ‘గద్యం కవీనాం నికషం వదంతి’, అంటే కవులకు గీటురాయి వచనమే, అన్న సంప్రదాయం మనది. బాణుడి ‘కాదంబరి’ వచనమే అయినా ఆలంకారికులు దాన్ని కావ్యంగానే లెక్కించారు. కాబట్టి గోథే శీర్షికకు ‘కవిత్వం, సత్యం’ కంటే ‘కావ్యమూ సత్యమూ’ దగ్గరగా ఉంటుందని నా అభిప్రాయం. కావ్యమనగానే నేటి పాఠకుడికి పద్యకావ్యమే స్ఫురిస్తుందన్న ఆక్షేపణలో కొంత నిజముంది. అయినా పదానికున్న పాత వెడల్పు ఇంకా పూర్తిగా పోలేదు.

ఇదే చిక్కు రష్యన్‌లోనూ ఉంది. అక్కడ చిన్న కవిత ‘స్తిహొత్వొరేనియె’. ‘పొయేమ’ అంటే సాధారణంగా దీర్ఘమైన కథాకావ్యం. పద్యంలో రాసిన ‘యెవ్గేని అన్యేగిన్’ను పుష్కిన్ నవల అన్నాడు. మనకు ‘మృతజీవులు’గా తెలిసిన వచన రచనను గొగోల్ పొయేమ అన్నాడు. 1842లో వచ్చిన ఆ పుస్తకం అట్టకు బొమ్మ గొగోల్ తానే గీశాడు. గుర్రపు బండీ, సీసాలూ, విందు సరంజామా, పుర్రెలూ నిండిన ఆ అట్ట మీద పుస్తకం పేరు కంటే పెద్ద అక్షరాల్లో కొట్టొచ్చినట్టు కనబడే మాట ‘పొయేమ’.