బూటు వేసుకోండి, ఓవర్

1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్ల లోపు పరుగెత్తి కానిస్టేబుల్‌గా ఎంపికైన నేను, రాత పరీక్ష కోసం ఐపీసీని కూడా అంతే వేగంగా బట్టీ పట్టాను. శిక్షణ సగంలో ఉండగా, 2024 జూలై 1న, 511 సెక్షన్ల ఆ ఐపీసీ స్థానంలో 358 సెక్షన్ల భారతీయ న్యాయ సంహిత వచ్చి కూర్చుంది. హత్య అనగానే 302 అని అరవడానికి అలవాటుపడిన మాకు, హత్య ఇకపై 103 అనీ, 302 అంటే ఒకరి మత భావాలను గాయపరిచే మాటలు పలకడమనీ చెప్పారు. ఊళ్ళో మా మేనమామ మాత్రం 420ని 318 అనడానికి ఈనాటికీ ఒప్పుకోడు. తిట్టులో పస పోతుందట.

ఇన్ని నేర్పిన గురువులు వైర్‌లెస్ సెట్ గురించి కూడా నేర్పారు. బటన్ నొక్కితే మన మాట వెళుతుంది, వదిలితే ఎదుటివారి మాట వినిపిస్తుంది. ఒకడు నొక్కి పట్టుకున్నంతసేపు ఆ ఛానల్‌లో ఉన్న మిగతా వారందరూ నోరు మూసుకుని వాడిని వినవలసిందే. ఈ వాక్యం కింద నేను నోట్సులో ఎర్ర సిరాతో గీత కూడా గీసుకున్నాను. ఆ నోట్సు ఇప్పుడు మా ఇంట్లో అటక మీద ఉంది.

నా మొదటి నిమజ్జనం బందోబస్తు 2025 సెప్టెంబరు 6న వచ్చింది. 1954లో ఒక్క అడుగుతో మొదలైన ఖైరతాబాద్ గణపతి ఆ ఏడు 69 అడుగులకు పెరిగినప్పటికీ, మర్నాడు చంద్రగ్రహణం ఉండటంతో మధ్యాహ్నమే బుద్ధిగా హుస్సేన్‌సాగర్‌లోకి దిగిపోయాడు. వీధి గణపతులకు అంత క్రమశిక్షణ ఉండదు. మొజంజాహీ మార్కెట్‌కు దగ్గరలో ఒక సందు మొగలో నన్ను నిలబెట్టారు; ఉదయం నుంచి రాత్రి పది వరకు లారీల మీద ఎన్ని విగ్రహాలు వెళ్ళాయో లెక్కపెట్టడం మానేశాను గాని, నా కొత్త బూట్లు ఎడమ మడమను ఎన్నిచోట్ల కరిచాయో మాత్రం కచ్చితంగా చెప్పగలను.

రెండు ఊరేగింపుల మధ్య కాస్త ఖాళీ దొరికింది. మూసి ఉన్న ఒక దుకాణం అరుగు మీద కూర్చుని, ఎడమ బూటు విప్పి, ఇనుప షట్టరుకు జారగిలబడ్డాను. నడుముకున్న సెట్ నాకూ షట్టరుకూ మధ్య ఇరుక్కుంది. ఆ క్షణం నుంచి సెట్‌లో ఒక్క మాటా వినిపించలేదు. పొద్దుటి నుంచి చెవి కొరికిన యంత్రానికి కూడా అలసట వచ్చిందేమోనని నేను నిజంగా జాలిపడ్డాను. సరిగ్గా అప్పుడే అమ్మ ఫోను చేసింది. దూరంగా డప్పులు మోగుతున్నందున స్పీకరు పెట్టాను.

“తిన్నవా బిడ్డా?”

“పులిహోర పొట్లం ఇచ్చిండ్రమ్మా. ఉప్పే లేదు.”

“మీ ఎస్సై సారు మంచోడేనా?”

“మంచోడే. కానీ నిలబడే నిద్రపోతడమ్మా, అది కూడా కండ్లు తెరిచి. పొద్దున బ్రీఫింగ్‌ల నేను కండ్లార చూసిన.”

“నువ్వు మాత్రం నిద్రపోకు. కాళ్ళు నొస్తున్నయా?”

“ఒక బూటు ఇప్పి కూసున్న. ఎవలు చూస్తరులే.”

తరువాత అమ్మ భువనగిరి సంబంధం సంగతి ఎత్తింది. అబ్బాయి జీతమెంత అని వాళ్ళు అడిగితే, యాభై వేలని చెప్పిందట. నా మూలవేతనం 24,280 రూపాయలనీ, అది యాభై కావడానికి ఇంకా చాలా నిమజ్జనాలు పడతాయనీ నేను ఓపికగా, గొంతు పెంచి, రెండుసార్లు వివరించాను. అమ్మ నొచ్చుకుని, “పోలీసోడివై ఉండి అబద్ధం ఆడరాదా?” అంది. దానికి నేనేమన్నానో ఇక్కడ రాయను. ఆ రాత్రి ఆ ఛానల్‌లో ఉన్నవారెవరినైనా అడగవచ్చు, అందరికీ కంఠతా వచ్చు.

ఇంతలో మా హెడ్ కానిస్టేబుల్ గారు, పక్క కూడలి నుంచి జనాన్ని తప్పించుకుంటూ, హెల్మెట్ కూడా లేకుండా, బండి మీద దూసుకొచ్చారు. నోటితో ఒక్క మాటా అనలేదు. తుపాకీ పట్టుకున్న దొంగను చూసినవాడిలా నా చేతిలోని ఫోను వైపూ, నా వీపు వెనక వైపూ మార్చి మార్చి చూపించారు. నేను వెనక పాము ఉందనుకుని ఒంటి బూటుతో రోడ్డు మీదికి గెంతాను. షట్టరు నుంచి విడివడిన సెట్‌కు ప్రాణం వచ్చింది. ముందు గరగర, ఆ తరువాత ఎంతోసేపటి నుంచి అవకాశం కోసం ఎదురుచూస్తున్న కంట్రోల్ రూం గొంతు, ఎలాంటి కోపమూ లేకుండా పలికింది:

“మొజంజాహీ సందు పార్టీ, ముందు బూటు వేసుకోండి, ఓవర్.”

శిక్షణ ఎంత గొప్పదంటే, ఆ స్థితిలోనూ నా చేయి దానంతటదే బటన్ నొక్కింది, నా నోరు “రోజర్” అంది.

అమ్మ ఇంకా లైనులోనే ఉంది. “ఎవలు బిడ్డా, మీ సారేనా? నిద్రలేచిండా?” అని అడిగింది. ఈసారి బటన్ మీద నా వేలే ఉంది.

అర్ధరాత్రి దాటాక రెండో విడత పొట్లాలు వచ్చాయి. నా పొట్లం మీద వార్తాపత్రిక ముక్కలో చుట్టిన చిటికెడు ఉప్పు దారంతో కట్టి ఉంది. ఎవరు పంపారని నేను అడగలేదు. తెల్లవారేవరకు మా ఎస్సై గారు నా ఎదుటి ఫుట్‌పాత్ మీదే కుర్చీ వేయించుకుని, కళ్ళు రెండూ తెరిచి, మధ్యమధ్య రెప్ప వేస్తూ, నా వైపే చూస్తూ కూర్చున్నారు.