టేబుల్ సా మీద గార్డ్ ఎందుకు నిలవదు?

ఏ వడ్రంగి షెడ్డులోకి వెళ్లినా నా కళ్లు ముందు టేబుల్ సా గార్డ్ ఎక్కడుందా అని వెతుకుతాయి. టేబుల్ మధ్యలోంచి గుండ్రటి రంపం బ్లేడ్ పైకి వచ్చి తిరిగే మెషీన్ టేబుల్ సా, ఆ బ్లేడ్ మీద చెయ్యి పడకుండా కప్పే మూత గార్డ్. చాలాసార్లు అది మెషీన్ మీద ఉండదు. గోడ మేకుకి వేలాడుతూనో, టేబుల్ కింద పొట్టులో కూరుకుపోయో, ఒక్కోసారి మెషీన్ కొన్ననాటి అట్టపెట్టెలో కవర్ కూడా విప్పకుండానో కనిపిస్తుంది. అడిగితే ఎవరూ దాచరు. "దాంతో పని సాగదండీ" అంటారు. ఆ మాటని బద్ధకం అనో పొగరు అనో కొట్టిపారేయడం తేలికే గానీ నేను ఆ పని చేయను, ఎందుకంటే వాళ్లు చెప్పేదాంట్లో చాలావరకు నిజముంది, ఆ నిజాన్ని ఒప్పుకోకుండా ఎన్ని బోర్డులు రాసి తగిలించినా గార్డ్ గోడ దిగి రాదు.

ముందు ప్రమాదం ఎంతటిదో చూద్దాం. మామూలు 10 అంగుళాల బ్లేడ్ నిమిషానికి 4,000 సార్లు తిరుగుతుంటే, దాని అంచున ఉన్న పన్ను గంటకు 190 కిలోమీటర్ల వేగంతో పోతున్నట్టు లెక్క. 40 పళ్ల బ్లేడ్ అయితే సెకనుకి 2,600కి పైగా పళ్లు ఒకే చోటు మీదుగా వెళ్తాయి. ఏదో తగిలిందని తెలిసి చెయ్యి వెనక్కి లాక్కునేసరికి సెకనులో ఐదో వంతు గడిచిపోతుంది, ఈలోపు 500 పళ్లు దాటిపోయాయి. పైగా ఇది కత్తి కోత లాంటిది కాదు. కోత వెడల్పు సుమారు 3 మిల్లీమీటర్లు, ఆ మేరకు చర్మం, నరం, ఎముక అన్నీ చెక్కలాగే పొట్టు అయిపోతాయి. డాక్టర్ అతికిద్దామన్నా మధ్యలో ఆ ముక్క ఉండదు. అమెరికాలో వినియోగ వస్తువుల భద్రతా కమిషన్ వేసిన అంచనా ప్రకారం 2015 ఒక్క ఏడాదిలో టేబుల్ సా బ్లేడ్ తగిలి అత్యవసర చికిత్సకు వెళ్లిన గాయాలు 30 వేలకు పైనే, అందులో వేళ్లు తెగిపోయినవే 4,700 దాకా.

ఇంత తెలిసీ ఎందుకు తీసేస్తారు?

పాత మెషీన్లలో గార్డ్, దాన్ని మోస్తూ బ్లేడ్ వెనక కోత మూసుకోకుండా చూసే రేకు (స్ప్లిటర్) రెండూ ఒకే ముక్క. చెక్కని ఈ చివర నుంచి ఆ చివరకి పూర్తిగా కోసేటప్పుడు అది బాగానే ఉంటుంది. కానీ పలకలో గాడి తీయాలంటే బ్లేడ్ చెక్క పైకి రాకూడదు, చెక్క బ్లేడ్ మీదుగా జారిపోవాలి, అప్పుడు స్ప్లిటర్ అడ్డం వస్తుంది. కాబట్టి తీయాల్సిందే, వేరే దారి లేదు. స్పానర్ తెచ్చి, నట్లు వదులు చేసి, తీసి పక్కన పెడతారు. గాడి పని అయిపోతుంది. మళ్లీ బిగించి, బ్లేడ్‌తో సరిగ్గా ఒకే గీతలో ఉందో లేదో చూసుకోవాలంటే ఐదారు నిమిషాలు పడుతుంది, అవతల కోయాల్సిన చెక్క ఇంకా చాలా ఉంటుంది. ఆ రోజు తిరిగి పెట్టరు. మర్నాడు గుర్తు రాదు. నాకు తెలిసినంతలో గార్డ్ శాశ్వతంగా పోయేది ఇలాగే, ఎవరూ కూర్చుని "ఇక వాడను" అని నిర్ణయించుకోరు.

సన్నటి బద్దలు కోసేటప్పుడు ఇంకో ఇబ్బంది. చెక్కని ఆనించే పక్క పట్టీ అయిన ఫెన్స్‌కీ గార్డ్‌కీ మధ్య చెక్కని నెట్టే కర్ర, అంటే పుష్ స్టిక్, పట్టదు, దాన్ని ఇరికించడానికి చెయ్యి వంకరగా పెట్టడం గార్డ్ లేకపోవడం కన్నా ప్రమాదంగా అనిపిస్తుంది. దానికి తోడు కొన్నాళ్లకి ప్లాస్టిక్ గీతలు పడి, పొట్టు పట్టి మసకబారిపోతుంది, కోత గీత కనపడదు. కనపడని బ్లేడ్ దగ్గర పనిచేయడం టెన్షన్ కాదా అని అడిగితే నా దగ్గర తొందరగా చెప్పే జవాబు లేదు.

అయితే గార్డ్‌తో పాటు ఇంకొకటి పోతోందని చాలామంది గమనించరు. వెనకున్న స్ప్లిటర్ కూడా పోతుంది. నా దృష్టిలో అసలు నష్టం అదే. చెక్క లోపల బిగువు ఉంటుంది, కోస్తుంటే ఆ కోత మళ్లీ మూసుకుని బ్లేడ్‌ని వెనక నుంచి పట్టేస్తుంది. బ్లేడ్ వెనక పళ్లు పైకి లేస్తుంటాయి కాబట్టి చెక్కని ఎత్తి, మన వైపే విసిరేస్తాయి. కిక్‌బ్యాక్ అంటే ఇదే. నాకు ఒకసారి జరిగింది. చిన్న ముక్కే, పొట్టకి తగిలింది, రెండు వారాలు నల్లగా కమిలిపోయి ఉంది. దెబ్బ కన్నా నన్ను భయపెట్టింది వేరే: చెక్క ఎగిరిపోయిన క్షణంలో దాన్ని నెడుతున్న నా చెయ్యి ఆనడానికి ఏమీ లేక ముందుకు తూలింది, బ్లేడ్‌కి జానెడు దూరంలో ఆగింది. అప్పటిదాకా నేనూ "జాగ్రత్తగా ఉంటే చాలు" అనేవాడినే. ఎంత జాగ్రత్తగా ఉన్నా ఆ తూలడాన్ని ఆపుకోలేం, అది మనం చేసే పని కాదు కనుక.

అందుకే రైవింగ్ నైఫ్ విషయంలో నేను అస్సలు రాజీ పడను. ఇదీ స్ప్లిటర్ పనే చేసే రేకు, కానీ బ్లేడ్ వెనకాలే, దాని పైఅంచు కన్నా కాస్త కిందుగా ఉండి, బ్లేడ్‌తో పాటే పైకీ కిందకీ కదులుతుంది, గాడి తీసేటప్పుడు కూడా తీయక్కర్లేదు. ఐరోపాలో ఇది ఎప్పటి నుంచో ఉంది, అమెరికాలో 2000ల చివర్లో గానీ కొత్త మోడళ్లకు తప్పనిసరి కాలేదు. దానితో వచ్చే గార్డ్ చాలా మోడళ్లలో స్పానర్ లేకుండానే ఊడుతుంది, సెకన్లలో మళ్లీ కూర్చుంటుంది. పాత మెషీన్లు మాత్రం పాతికేళ్లయినా చెడిపోవు, అవి ఇంకా తిరుగుతూనే ఉన్నాయి.

వేలు తగలగానే ఆగిపోయే మెషీన్లు కూడా వచ్చాయి కదా అంటారు. నిజమే, సాస్టాప్ మెషీన్‌లో చర్మం తగిలితే కరెంటు సిగ్నల్ మారుతుంది, 5 మిల్లీసెకన్ల లోపు అల్యూమినియం దిమ్మ ఒకటి బ్లేడ్‌లోకి దూసుకెళ్లి దాన్ని ఆపేస్తుంది. అద్భుతమైన పని, వేళ్లు నిలబెట్టింది. కానీ అది కిక్‌బ్యాక్‌ని ఆపదు, కంట్లోకి ఎగిరే ముక్కనీ ఆపదు. బాగా తడిగా ఉన్న చెక్క కోసేటప్పుడు బ్లేడ్ ఊరికే ఆగిపోకుండా ఆ వ్యవస్థని ఆపి పనిచేసే సౌకర్యం కూడా అందులోనే పెట్టారు. దాన్ని నమ్ముకుని గార్డ్ తీసేసేవాళ్లని చూస్తే నాకు బాధగా ఉంటుంది.

తయారీదారుల్ని మనం అడగాల్సింది గార్డ్ ఇచ్చారా అని కాదు, అందరూ ఇస్తున్నారు. తీసి పెట్టడానికి ఎంతసేపు పడుతుంది, సన్నటి బద్ద కోయడానికి ఏం ఏర్పాటు చేశారు, ఏడాది తర్వాత కూడా దాని లోంచి కోత గీత కనపడుతుందా, ఇవి అడగాలి. పాత మెషీన్ ఉన్నవాళ్లు పైనుంచి చేయిలా వేలాడే గార్డ్ పెట్టుకోవచ్చు, స్ప్లిటర్‌తో సంబంధం లేకుండా నిలుస్తుంది, పొట్టు లాగే గొట్టం కూడా దానికే తగిలించొచ్చు.

షెడ్డు నడిపే పెద్దవాళ్లకి ఒక మాట. కొత్తగా చేరిన కుర్రాడు మీరు చెప్పింది వినడు, మీ చేతులు చూస్తాడు. మీకు ముప్పై ఏళ్ల అలవాటు ఉంది, ఎక్కడ నిలబడాలో, చెక్క శబ్దం మారితే ఏం చేయాలో ఒంటికి తెలుసు. వాడికి అవేవీ తెలియవు, గార్డ్ లేని మెషీన్ ఒక్కటే కనిపిస్తుంది, మెషీన్ అంటే అలాగే ఉంటుందనుకుంటాడు. ఈ రోజు వాడు వచ్చేలోపు ఆ గోడ మేకు మీదున్నదాన్ని దించి, పొట్టు తుడిచి, బిగించి ఉంచండి.