టీవీతో వియ్యం

బెంగళూరులో కాపురముంటున్న తెలుగు అల్లుడి విలువ జీతంతో తేలుతుందని చాలామంది పొరబడుతుంటారు. జీతం సంగతి పెళ్ళికి ముందే నలుగురినీ అడిగి తేల్చుకుంటారు. దాని పని అక్కడితో సరి. ఫ్లాటు ఎన్నో అంతస్తులో ఉంది, బాల్కనీలోంచి బెల్లందూరు చెరువు కనబడుతుందా, చెరువు మీది నురగ కనబడుతుందా అన్నవి కూడా అత్తమామలు దిగిన రెండో రోజుకి పాతబడిపోతాయి. అసలు పరీక్ష ఆ రాత్రి భోజనాలయ్యాక, హాల్లో, టీవీ ముందు జరుగుతుంది. ప్రశ్న ఒక్కటే.

"ఇదుగో అల్లుడూ, ఇది కాస్త టీవీలో పెట్టు."

నేను పదిహేనేళ్ళుగా సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాను. నేను రాసిన ప్రోగ్రాములు మూడు ఖండాల్లో నడుస్తున్నాయని మా మేనేజర్ ఏటా అప్రైజల్లో మెచ్చుకుని, జీతం పెంచకుండా పంపుతుంటాడు. అంతటి నాకు ఆ ప్రశ్నకి జవాబు చెప్పడానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజుల చదువుతో చెబుతున్నాను: లాప్‌టాప్‌ని టీవీకి కలపడం సాంకేతిక విషయం కానే కాదు. అది వియ్యం. రెండు పక్షాలూ గొప్పవే. ఇద్దరికీ మర్యాదలు జరగాలి. ఎక్కడ ఏ లోపం వచ్చినా మాట పడేది మాత్రం మధ్యలో తిరిగినవాడే.

మావయ్య గారు పెట్టమన్నది మా బావమరిది పెళ్ళి వీడియో. తెనాలిలో జరిగింది. వీడియో తీసినతను 64 జీబీ పెన్ డ్రైవ్‌ని ఎర్ర ముఖమల్ డబ్బాలో పెట్టి, నిశ్చితార్థం ఉంగరం ఇచ్చినట్టు ఇచ్చాడు. మావయ్య గారు దాన్ని చొక్కా లోపలి జేబులో పెట్టుకుని, రైల్లో రాత్రంతా చెయ్యి తీయకుండా తెచ్చారు. అలాంటి వస్తువుని టీవీ వెనక దుమ్ములో ఉన్న కంతలో గుచ్చాను. టీవీ అరనిమిషం ఆలోచించి, ఇందులో ఏమీ లేదంది.

"ఖాళీది ఇచ్చాడా వెధవ!" అని మావయ్య గారు ఫోను తీశారు. "బాకీ ఏమన్నా ఉందా వాడికి?"

"ఏం బాకీ, మొన్ననేగా మొత్తం ఇచ్చేశారు," అన్నారు అత్తయ్య గారు.

నిజానికి డ్రైవ్ ఖాళీది కాదు. పెళ్ళంతా కలిపి 19 జీబీల ఒకే ఫైలు. ఫ్యాట్32 అనే పాత పద్ధతిలో ఒక్కో ఫైలు 4 జీబీ దాటకూడదు కాబట్టి అతను డ్రైవ్‌ని కొత్త పద్ధతిలో ఫార్మాట్ చేశాడు. మా టీవీ 2015లో కొన్నది. వెనకటి కరణం గారిలాగా తనకి అలవాటైన దస్తూరీలో రాసిన అర్జీ అయితేనే ముట్టుకుంటుంది, వేరేది ఇస్తే అసలు అర్జీయే రాలేదంటుంది. ఒకవేళ చదివినా లోపలున్నది హెచ్ఈవీసీ అనే పద్ధతిలో కుదించిన వీడియో. ఆ పద్ధతి 2013లో వచ్చింది, కానీ ఆ కబురు మా టీవీదాకా చేరలేదు.

సరే, లాప్‌టాప్ ద్వారా పెడదామనుకున్నాం. ఇంట్లో రెండున్నాయి. నాది ఆఫీసుది. దానికి పెన్ డ్రైవ్ అంటే మైల. గుచ్చితే నాకంటే ముందు సెక్యూరిటీ టీమ్‌కి తెలుస్తుంది. పైగా దానికి ఉన్నవి రెండే రెండు సీ టైపు కంతలు. చూడటానికి కవలపిల్లలు. ఒకదానిలోంచి బొమ్మ వెళుతుంది, రెండోది చార్జింగుకే. ఏది ఏదో తల్లికి కూడా తెలియదు. ఆకారం ఒకటే పెట్టి లోపలి గుణాలు ఎవరికి వారికే వదిలేసిన ఈ ఏర్పాటు చేసినవాళ్ళకి ఏ సంబంధమైనా చూసే బాధ్యత అప్పగించకూడదని నా అభిప్రాయం.

కాబట్టి మా ఆవిడ పాత లాప్‌టాప్ తీశాం. బ్యాటరీ చచ్చి మూడేళ్ళయింది, వైరు పీకితే ఆగిపోతుంది. అయినా పెన్ డ్రైవ్ పెట్టగానే పెళ్ళి టపీమని మొదలైంది. అత్తయ్య గారు చప్పట్లు కొట్టారు. కానీ అది పద్నాలుగు అంగుళాల పెళ్ళి. ఆరుగురం దాని ముందు ఫ్యామిలీ ఫోటోకి నిలబడ్డట్టు ఒరిగి చూడాలి. లాప్‌టాప్‌ని టీవీకి కలిపే హెచ్‌డీఎంఐ వైరు వెతికితే ఉన్నది ఒక్కటే, అది సెట్ టాప్ బాక్సుకి కట్టి ఉంది, దాని పొడవు మూరెడు. బాక్సు పీకితే అత్తయ్య గారి సీరియల్ పోతుంది. అల్లుడన్నవాడు చేయకూడని పనుల్లో అది మొదటిది.

"వైరు లేకుండా కూడా వస్తుందట కదండీ," అంది మా ఆవిడ.

వస్తుంది. మిరాకాస్ట్ అని 2012లో వైఫై అలయన్స్ వాళ్ళు మొదలుపెట్టారు. దీనికి ఇంట్లో వైఫై కూడా అక్కర్లేదు, లాప్‌టాప్, టీవీ నేరుగా ఒకదాన్నొకటి పిలుచుకుంటాయి. విండోస్ బటన్, కే కలిపి నొక్కితే చుట్టుపక్కల ఉన్న టీవీల పేర్లన్నీ వస్తాయి. మాది మారతహళ్ళి అపార్ట్‌మెంట్. గోడకి ఇటు ఒక టీవీ, అటు ఒక టీవీ, కింద ఒకటి, పైన ఒకటి. జాబితాలో అయిదు కనబడ్డాయి. అందులో మూడింటికి ఒకటే పేరు, చివరి అంకెలే తేడా. పెళ్ళిళ్ళ పేరయ్యకి కూడా ఫోటో అయినా ఇస్తారు. నేను రెండోదాన్ని నొక్కాను. కనెక్టెడ్ అని వచ్చింది. మా టీవీలో ఏమీ రాలేదు.

"వస్తుంది, కాస్త టైమ్ పడుతుంది," అన్నాను. ఈ మాట అనడానికే నాకు ఆఫీసులో జీతమిస్తారు.

వీడియో నడుస్తూనే ఉంది. విచిత్రమేమిటంటే అంతవరకూ లాప్‌టాప్‌లోంచి వచ్చిన సన్నాయి కూడా ఆగిపోయింది. ఎదురుకోలు అయింది, స్నాతకం అయింది, గౌరీపూజ అయింది, అన్నీ మూకీలో. "ఎక్కడో మేళం వినబడుతోంది," అంది మా ఆవిడ. ముహూర్తాల రోజులు, చుట్టూ కల్యాణ మంటపాలు, ఎక్కడో పెళ్ళవుతూ ఉంటుందిలే అన్నాను. నలభై నిమిషాల తర్వాత, తలంబ్రాల దగ్గర, విసుగొచ్చి నేనే ఆపేశాను.

మర్నాడు ఆదివారం. వైరు కోసం ఎస్పీ రోడ్డుకి వెళ్ళాను. సదర్ పత్రప్ప రోడ్డు అని పూర్తి పేరు, టౌన్ హాల్ దగ్గర. బెంగళూరు ఇంత సాఫ్ట్‌వేర్ ఎగుమతి చేస్తుందని అందరూ చెబుతారు గానీ, ఆ ఊళ్ళో చెడిపోయిన ప్రతి వస్తువూ చివరికి ఆ సందుల్లోకే వస్తుందని ఎవరూ చెప్పరు. షాపతను కన్నడంలో మొదలుపెట్టి, నా మొహం చూసి హిందీలోకి మారి, నేను ధర వినగానే "అమ్మో" అనడంతో తెలుగులోకి దిగాడు. హిందూపురం మనిషి. అయిదు మీటర్ల వైరు రెండు రకాలు చూపించాడు. ఒకటి నాలుగు వందలు, ఇంకోటి పద్దెనిమిది వందలు.

"తేడా ఏమిటి?"

"ఇది బంగారు పూత సార్."

బంగారు పూత వల్ల పిన్నులు చిలుము పట్టవు, అంతే. డిజిటల్ సంకేతం సరిగ్గా చేరినంతకాలం బంగారంలోంచి వచ్చిన పెళ్ళికూతురూ, మామూలు రేకులోంచి వచ్చిన పెళ్ళికూతురూ ఒక్కతే. ఇది నాకు తెలుసు. తెలిసి కూడా పద్దెనిమిది వందలదే కొన్నాను. పెళ్ళి వీడియోకి గిల్టు వైరు తెచ్చాడన్న మాట తెనాలిదాకా వెళితే నేను తట్టుకోలేను.

ఇక్కడ ఆ వైరు వంశం గురించి రెండు మాటలు చెప్పాలి. పూర్వం వీజీఏ ఉండేది. 1987లో ఐబీఎం తెచ్చింది. 15 పిన్నులు, అటూ ఇటూ రెండు మరలు. బిగిస్తే ఊడేది కాదు, ఆ కాలం పెళ్ళిళ్ళలాగే. కానీ దానికి మాట రాదు, బొమ్మే. హెచ్‌డీఎంఐ 2002లో వచ్చింది. ఏడు కంపెనీలు కలిసి వేసిన అడుగులవి, అందుకేనేమో అచ్చంగా పెళ్ళి తంతే పెట్టారు. వైరులో 19 పిన్నులుంటాయి. పందొమ్మిదోది కాలింగ్ బెల్లు లాంటిది. దాని మీదే లాప్‌టాప్‌కి గుమ్మంలో ఎవరో ఉన్నారని తెలుస్తుంది. 15, 16 పిన్నుల మీద టీవీ తన జాతకం పంపుతుంది. దాన్ని ఈడీఐడీ అంటారు. మొదటి చక్రం 128 బైట్లు: పుట్టిన కంపెనీ, పుట్టిన సంవత్సరం, ఎంత కొలత బొమ్మ చూపించగలదు. లాప్‌టాప్ ఆ జాతకం చూసి దానికి తగ్గ బొమ్మ పంపుతుంది. వైరు వదులైతే జాతకం సగమే అందుతుంది. అప్పుడు లాప్‌టాప్ మర్యాద కొద్దీ చిన్న బొమ్మ పంపుతుంది, లేదా ఏమీ పంపకుండా కూర్చుంటుంది. ఇంగ్లీషువాళ్ళు దీన్ని హ్యాండ్‌షేక్ అన్నారు గానీ, చేతులు కలపడం చివర్లో జరిగేది. ముందంతా వాకబే.

మా ఇంట్లో వాకబు సవ్యంగానే అయింది. టీవీ వెలిగింది. తెరనిండా మంచుకొండ, దాని కింద నీలం సరస్సు.

మావయ్య గారు కళ్ళజోడు సర్దుకుని చూశారు. రెండు నిమిషాలు చూశారు. "ఇదెక్కడయ్యా? కొత్త జంట హనీమూనుకి వెళ్ళిన ఊరా?"

అది వాల్‌పేపర్. లాప్‌టాప్ ఎక్స్‌టెండ్‌లో ఉంది, అంటే ఒకే ఇంట్లో వేరు కుంపటి. పెళ్ళి లాప్‌టాప్‌లో, కొండ టీవీలో. విండోస్ బటన్, పీ కలిపి నొక్కి డూప్లికేట్ పెట్టాలి, అప్పుడు రెండింట్లోనూ ఒకటే బొమ్మ. ఆ సంగతి తట్టేలోగా నేను మౌస్‌ని కుడిపక్కకి తోశాను, బాణం గుర్తు కొండల్లోకి వెళ్ళి తప్పిపోయింది. దాన్ని వెతికి తేవడానికి పావుగంట. మధ్యలో మాటవరసకి ఓ ఓటీటీ సినిమా పెట్టి చూస్తే అక్కడ ఉత్త నల్ల పెట్టె, కింద సబ్‌టైటిళ్ళు మాత్రం శ్రద్ధగా నడుస్తున్నాయి. అది వేరే రోగం. అద్దె సినిమాలకి హెచ్‌డీసీపీ అని ఒక తాళం వేస్తారు, దారిలో ఏ ఒక్కరి తాళంచెవి నప్పకపోయినా బొమ్మ ఆపేస్తారు. పెళ్ళి వీడియోకి తాళం ఉండదు. మన పెళ్ళి వీడియోలు ఎవరూ దొంగిలించరని వాళ్ళకీ తెలుసు.

బొమ్మ వచ్చింది. మాట రాలేదు. సౌండ్ సెట్టింగుల్లో టీవీనే ఎంచి ఉంది. డ్రైవర్ తీసి మళ్ళీ వేశాను. రీస్టార్ట్ చేశాను. హైదరాబాదులో ఉన్న బావమరిదికి వీడియో కాల్ చేస్తే "బావా, రీస్టార్ట్ చేశావా?" అన్నాడు. మళ్ళీ చేశాను. ముప్పావుగంట తర్వాత అత్తయ్య గారు వంటింట్లోంచి వచ్చి, రిమోట్ అందుకుని, "పొద్దున మా చెల్లెలితో ఫోను మాట్లాడుతూ నేనే మ్యూట్ చేశాను బాబూ, అదేనేమో చూడండి," అన్నారు. అదే.

అంతా అయిందనుకున్నాను. మండపం మీద గ్రూపు ఫోటో వచ్చేసరికి అత్తయ్య గారు నిటారుగా కూర్చున్నారు. "మా చెల్లెలేది?"

లాప్‌టాప్‌లో చూస్తే ఆవిడ ఎడమ చివర, జరీ పట్టుచీరలో, నవ్వుతూ నిలబడి ఉన్నారు. టీవీలో ఆవిడ మోచెయ్యి ఒక్కటే ఉంది. కుడి చివర మావయ్య గారి అన్నగారి కుటుంబం మొత్తం గల్లంతు. దీన్ని ఓవర్‌స్కాన్ అంటారు. వెనకటి డబ్బా టీవీల్లో బొమ్మ అంచులు నీటుగా ఉండేవి కావు, అందుకని బొమ్మని కాస్త సాగదీసి అంచులు చట్రం వెనక్కి నెట్టేవారు. డబ్బాలు పోయాయి, అలవాటు ఉండిపోయింది. పల్చటి టీవీ కూడా వచ్చిన బొమ్మకి నాలుగు పక్కలా కత్తెర వేస్తుంది. మాన్పించే మీట ఉంది, కానీ ఒక కంపెనీ దాన్ని జస్ట్ స్కాన్ అంటుంది, ఇంకోటి స్క్రీన్ ఫిట్ అంటుంది, మరోటి ఫుల్ పిక్సెల్ అంటుంది. నాకు దొరికేలోపు అత్తయ్య గారు వీడియో తీసినతన్ని, వదినగారిని, తమ్ముడి వియ్యాలవారిని వరసగా అనుమానించారు. "కావాలనే చేశారు. మావాళ్ళే చివర్లో నిలబడ్డారని వాళ్ళకి తెలుసు."

రాత్రి పదకొండింటికి పెళ్ళి పూర్తయింది. పద్దెనిమిది వందల వైరు అయిదు మీటర్లూ హాలుకి అడ్డంగా పడి ఉంది, మంచినీళ్ళకి లేచిన ప్రతివాళ్ళూ దాన్ని దాటుకుని వెళ్ళారు. మావయ్య గారు "ఫరవాలేదు," అన్నారు. ఆయన దగ్గర ఇంతకన్నా పెద్ద మార్కు లేదు.

బుధవారం సాయంత్రం ఆయనా నేనూ కూరలకి వెళుతూ లిఫ్టు ఎక్కాం. మూడో అంతస్తులో, సరిగ్గా మా కింద ఫ్లాటు కన్నడ ఆవిడ ఎక్కింది. ఎప్పుడూ తల మాత్రం ఊపే మనిషి, ఆ రోజు మా ఇద్దర్నీ చూసి మొహం విప్పార్చుకుని, "మదువె తుంబా చెన్నాగిత్తు సార్," అంది. పెళ్ళి చాలా బాగుందట. శనివారం రాత్రి వాళ్ళ టీవీలో ఉన్నట్టుండి మొదలైందట, ఏదో కొత్త చానల్ అనుకుని ఇంటిల్లిపాదీ కూర్చుని చూశారట. పెళ్ళికూతురి పక్కన కండువా సర్దుకుంటూ కనబడ్డ పెద్దాయన్ని ఇప్పుడు లిఫ్టులో గుర్తుపట్టింది. "ఊట బరో హొత్తిగె కట్ ఆయ్తు," అంది చిన్నబుచ్చుకుని. భోజనాల దాకా వచ్చేసరికి ఆగిపోయిందట.

మావయ్య గారికి కన్నడం రాదు గానీ ఊట అన్న మాట అందింది. "అయ్యో, పంక్తి భోజనాలు అరగంట ఉన్నాయమ్మా," అన్నారు నొచ్చుకుంటూ. "రాత్రికి మీ టీవీలోనే చూద్దురుగాని. మా అల్లుడు పెడతాడు."