ధర్మరక్షకుల చేతికి స్టాప్‌వాచ్

ఆశీర్వాదం ఎంతసేపు ఉండాలి? రెండు వేల ఏళ్లుగా ఇంతమంది పునీతులు, వేదాంతులు పుట్టి కూడా దీన్ని తేల్చకుండానే పోయారు. చివరికి 2024 జనవరి 4న వాటికన్ తేల్చింది. పది, పదిహేను సెకన్లు.

ఎందుకొచ్చింది ఈ అవసరం? 2023 డిసెంబర్ 18న వాటికన్ విశ్వాస సిద్ధాంత విభాగం ‘ఫిడూచియా సుప్లికాన్స్’ అనే ప్రకటన ఇచ్చింది. స్వలింగ జంటలు గానీ, విడాకులై మళ్లీ పెళ్లి చేసుకున్నవాళ్లు గానీ వచ్చి దీవించమంటే ఫాదర్ దీవించవచ్చు అంది. పెళ్లి అంటే స్త్రీ పురుషుల మధ్యే అన్న బోధన చెక్కు చెదరలేదని కూడా అందులోనే రాసింది. అయినా కొందరు భక్తుల కాళ్ల కింద భూమి కదిలిపోయింది. చదివి కదిలిందో, చదవకుండానే కదిలిందో తెలీదు. 17 రోజులు తిరిగేసరికి అదే విభాగం, దాని పెద్ద కార్డినల్ ఫెర్నాండెజ్ సంతకంతో, వాళ్లని బుజ్జగిస్తూ వివరణ ఇచ్చుకుంది. బలిపీఠం ముందు దీవించరు, గుడిలో నలుగురికీ కనబడే చోట దీవించరు, పదిహేను సెకన్లు దాటదు, కాబట్టి శాంతించండి అని.

ఇక అమలు చూద్దాం. ఇద్దరు మగవాళ్లు తీర్థయాత్రకు వచ్చారు. ఒకాయనకు మర్నాడు ఆపరేషన్, బాగా టెన్షన్‌గా ఉన్నాడు. ఎదురుపడ్డ ఫాదర్‌ని “మా కోసం ఒక్క ప్రార్థన చేయండి” అని అడిగారు. ఫాదర్ చెయ్యెత్తేలోగా స్తంభం చాటు నుంచి “ఆగండి!” అంటూ ధర్మరక్షణ బృందం ఊడిపడింది. ఒకరు టేపు పరిచి బలిపీఠం ఎంత దూరమో కొలిచారు. ఇంకొకరు చొక్కాలు పరీక్షించారు. ఇద్దరూ ఇస్త్రీ చొక్కాలే వేసుకొచ్చారేం, పెళ్లి కళ కనబడుతోందే అని గొణిగారు. మూడో ఆయన స్టాప్‌వాచ్ నొక్కాడు. “ప్రభువా, వీరికి ఆరోగ్యం, మనశ్శాంతి...” పన్నెండో సెకనులో ఫాదర్‌కి దగ్గొచ్చింది. దగ్గిన సమయం ఆశీర్వాదంలో కలుస్తుందా, కలవదా? లాటిన్ వచ్చిన పెద్దాయన్ని పిలిచారు. ఆయన గడ్డం నిమురుకుని, రోమ్‌కి సందేహపత్రం పంపుదాం, అవునో కాదో ఒక్క మాటలో చెప్పమందాం అన్నాడు. 2016లో నలుగురు కార్డినల్స్ అలాగే ఐదు సందేహాలు పంపితే పోప్ ఫ్రాన్సిస్ జవాబివ్వలేదు కదా అని ఎవరో గుర్తుచేశారు. అయితే ఈసారి రిజిస్టర్డ్ పోస్టు! ఈ లోపు ఆపరేషన్ ఆయన నిలబడలేక కుర్చీ అడిగాడు. కుర్చీ వేస్తే అది పూజావిధి అయిపోతుందేమోనని వేయలేదు.

ఈ పెద్దమనుషులే ప్రాణంగా చూసుకునే పాత లాటిన్ పూజావిధుల గ్రంథం ‘రిత్వాలే రొమానుమ్’ ఓసారి తిరగేయండి. అందులో బీరుకు ఆశీర్వాదం ఉంది. తేనెటీగలకుంది, రైలుకుంది, టెలిగ్రాఫుకు కూడా ఉంది. ఆ తీగల మీద ఎవరు ఎవరికి ఏం ప్రేమ కబుర్లు పంపుకుంటారో ముందుగా విచారించిన దాఖలా లేదు. పీపాలో బీరు ఎవరి గొంతులోకి దిగి ఎవరి కాపురం కూల్చబోతోందో అడిగినవాడూ లేడు.

2013 జూలైలో రియో నుంచి తిరిగొస్తూ విమానంలో ఫ్రాన్సిస్ “తీర్పు చెప్పడానికి నేనెవర్ని?” అన్నారు. వీళ్లకది ఉద్యోగం ఖాళీ అన్న ప్రకటనలా వినిపించింది. దరఖాస్తులు ఇప్పటికీ ఆగలేదు.

దీవిస్తే పాపాన్ని ఒప్పుకున్నట్టే, విశ్వాసులు గందరగోళంలో పడతారు అంటారు. అలాగా? బెర్నార్డ్ లా సంగతేమిటి మరి? పిల్లల్ని చెరిచిన ఫాదర్లను ఒక విచారణ (పారిష్) నుంచి ఇంకో విచారణకు మార్చుకుంటూ పోయిన బోస్టన్ అగ్రపీఠాధిపతి. గుట్టు బయటపడి 2002 డిసెంబర్‌లో రాజీనామా చేస్తే, 2004లో రోమ్‌లో సాంతా మరియా మజోరె బసిలికా పెద్దరికం కట్టబెట్టారు. 2017 డిసెంబర్‌లో చనిపోతే వాటికన్‌లోని సెయింట్ పీటర్స్ బసిలికాలోనే అంత్యక్రియల పూజ చేశారు. చివరి ప్రార్థన చెప్పింది సాక్షాత్తూ పోప్ ఫ్రాన్సిస్. ఆ రోజు బలిపీఠానికి ఎంత దూరం? ఎన్ని సెకన్లు? మీలో ఎవడైనా టేపు తీశాడా? ఆ పిల్లలు పెద్దవాళ్లై టీవీల్లో అది చూస్తుంటే మీ సిద్ధాంతం ఏ మూల నిద్రపోయింది? ఆపరేషన్‌కి ముందు భయపడి చెయ్యి పట్టుకునే ఇద్దరు మనుషుల దగ్గరే అది లేచి కూర్చుంటుందా? సిగ్గుండాలి.

జనాన్ని పీల్చి పిప్పిచేసే వ్యాపారిని దీవిస్తే కిక్కురుమనరు, స్వలింగ సంపర్కుణ్ని దీవిస్తే గోల చేస్తారు, ఇది కపటం అని 2024 ఫిబ్రవరిలో ఫ్రాన్సిసే ఓ ఇంటర్వ్యూలో అన్నారు. బెర్నార్డ్ లా అంత్యక్రియల దగ్గరా ఆ మాట గుర్తుండాల్సింది.

ఇప్పుడు పోప్ లియో 14 వచ్చారు. 2025 మే 8న బాల్కనీలోకి ఫ్రాన్సిస్ వద్దనుకున్న సంప్రదాయ ఎర్ర భుజవస్త్రం వేసుకునొచ్చారు. అది చూసి ధర్మరక్షకులు పండగ చేసుకున్నారు. సెప్టెంబర్‌లో వచ్చిన ఇంటర్వ్యూలో, బోధన ఇప్పట్లో మారే అవకాశం లేదన్నారు. వీళ్లు హమ్మయ్య అని ఊపిరి పీల్చుకున్నారు. అదే ఇంటర్వ్యూలో అందరికీ ఆహ్వానమే అనేసరికి పీల్చిన ఊపిరి అక్కడే ఇరుక్కుంది. ఆ నెల 6నే స్వలింగ సంపర్కులు, వాళ్ల తల్లిదండ్రులు, స్నేహితులు వెయ్యి మందికి పైగా జూబిలీ యాత్రగా వచ్చి జూబిలీ ఏడాదిలోనే తెరిచే సెయింట్ పీటర్స్ పవిత్ర ద్వారం దాటారు. ఆ ద్వారంలోంచి ఇద్దరిద్దరు నడవొచ్చా, ఒక్కొక్కరే నడవాలా అన్న వివరణ మాత్రం ఇంకా వెలువడలేదు.