మహారాజశ్రీ రెండో కాలమ్ గారికి

హైదరాబాద్ పక్కన దమ్మాయిగూడ నుంచి ఒక బోరుబావి యజమాని నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. తమరి క్షేమం ప్రతి ల్యాబ్ రిపోర్టులోనూ తెలుస్తూనే ఉంది. మా క్షేమం కూడా తమరి చేతుల్లోనే ఉందంటున్నారు, అందుకే ఈ జాబు.

తమరెవరో తెలియని వాళ్ళ కోసం ఒక మాట. తాగునీటికి మన దేశంలో ఐఎస్ 10500 అనే ప్రమాణం ఉంది, 2012 నాటిది. అందులో చాలా పదార్థాలకి రెండేసి అంకెలు. మొదటి కాలమ్‌లో మీ అన్నగారు ఉంటారు, కాస్త చాదస్తం మనిషి. నీళ్ళలో కరిగిన లవణాలు లీటరుకి 500 మిల్లీగ్రాములు దాటకూడదంటారు. పక్కనే తమరు: 'వేరే నీటి వనరు లేని పక్షంలో అనుమతించదగిన పరిమితి.' తమరి దగ్గర 2000 దాకా చెల్లుతుంది. క్లోరైడు అన్నగారికి 250, తమరికి 1000. దిక్కున్నవాడికి ఒకటైతే దిక్కులేనివాడికి నాలుగు! సర్కారు కాగితాల్లో పేదవాడికి ఎక్కువ రాసిచ్చిన చోటు నాకు ఇదొక్కటే కనబడింది.

మా పక్కన జవహర్‌నగర్ చెత్తగుట్ట ఉంది. పాత చెత్త 1.2 కోట్ల టన్నులంటారు. దాని మీద మూత వేసి, మట్టి కప్పి, గడ్డి పెంచారు. దూరం నుంచి చూస్తే ఊటీయే. పైనుంచి వాన దిగకుండా మూత, బాగుంది. మరి అడుగున? 2016 నాటి ఘన వ్యర్థాల నియమాలు ల్యాండ్‌ఫిల్ (చెత్త పూడ్చే చోటు) కింద 90 సెంటీమీటర్ల బంకమట్టి, దాని మీద ఒకటిన్నర మిల్లీమీటర్ల ప్లాస్టిక్ పొర ఉండాలన్నాయి. మా గుట్ట ఆ నియమాల కన్నా వయసులో పెద్దది. పెద్దవాళ్ళకి నియమాలు చెప్పడం మన సంప్రదాయం కాదు కదా.

మా బోరు నీళ్ళు రాత్రి బిందెలో పట్టి ఉంచితే పొద్దున్నకి పైన పల్చగా పసుపు తెట్టు కడుతుంది. వేలు పెడితే పెంకుల్లా పగులుతుంది. బిందె అంచు చుట్టూ తెల్లటి గీత, చింతపండేసి తోమినా పోదు. శాంపిల్ తీసుకెళ్ళిన కుర్రాడు రిపోర్టు తెచ్చి సంతోషంగా చూపించాడు.

"రెండు వేల లోపే ఉంది సార్."

"అది వేరే దిక్కు లేనప్పుడు కదా బాబూ? మాకు నల్లా ఉందిగా."

"నల్లా ఉందా? మరింకేం సార్, ఆ నీళ్ళే తాగండి. బోరుతో పనేముంది?"

చూశారా తమరి మహిమ! నల్లా లేదంటే 2000 చెల్లుతుంది కాబట్టి శుద్ధి అక్కర్లేదు. నల్లా ఉందంటే బోరుతో పనే లేదు కాబట్టి శుద్ధి అక్కర్లేదు. భూమిలో నీరు మాత్రం ఎటూ కాకుండా గుట్ట కింద అలాగే ఉంటుంది.

అసలు విచిత్రం ఇంకోటి. ఆ 2016 నియమాల్లోనే డంపుల చుట్టూ భూగర్భజలాలకి ఒక పట్టిక ఉండేది. అందులో తమరి పేరే లేదు! ఉన్నది అన్నగారి 500. కాకపోతే అది 'పర్యవేక్షణ కోసం' అని రాశారు. అంటే చూస్తూ ఉండాలన్నమాట. చూస్తూనే ఉన్నారు. పట్టిక దాటిన నీటిని మళ్ళీ ఎంతకి, ఎన్నేళ్ళలో దించాలన్నది మాత్రం ఆ పట్టిక చెప్పలేదు. ఆ ఖాళీలోకి తమరొచ్చి దర్జాగా కూర్చున్నారు. చెత్తలోంచి ఊరే మురుగుని, అదే చెత్తరసాన్ని, శుద్ధి చేసి బయటికి వదలడానికి అవే నియమాలు లవణాలకి పెట్టిన హద్దు 2100. తమరి లెక్కలో తాగే నీటికీ దానికీ తేడా నూరంటే నూరు.

2025 జులైలో కేంద్రం కలుషిత ప్రాంతాల కోసం ప్రత్యేక నియమాలు తెచ్చిందని తెలిసి పొంగిపోయాను. చదివితే డంపుల ఘన వ్యర్థాలు వాటి పరిధిలోకి రావట, దానికి వేరే నియమాలున్నాయి కాబట్టి. అప్పటికి ఆ వేరేవి పైన మనవి చేసుకున్న 2016 నాటివే. విషపదార్థాలు కలిసి హద్దు దాటాయని తేలితే మాత్రం వస్తుందట. తేల్చాలంటే ముందు కొలవాలి, కొలిస్తే రిపోర్టులో తమరుంటారు.

పోనీ చెత్త వేయకముందు ఎలా ఉండేదో అలా చేయండి అందామంటే, అప్పటి కాగితం చూపించమంటారు. నా దగ్గరున్నది మా అత్తగారి సాక్ష్యం ఒక్కటే. ఆ రోజుల్లో బోరు నీళ్ళతో కందిపప్పు చిటికెలో ఉడికేదట, ఇప్పుడు కుక్కర్లో ఎన్ని కూతలు వేయించినా పలుకే. కాఠిన్యం పరీక్షగా దీన్ని ల్యాబ్ వాళ్ళు ఒప్పుకోరు. ఆవిడ మాత్రం తన పరీక్షలో సడలింపు ఇవ్వనంటోంది.

కాబట్టి మనవి ఏమనగా, తాగునీటి దగ్గర తమరి ఉద్యోగం తమరు చేసుకోండి, కరువు ఊళ్ళకి తమరి అవసరం ఉంది. గుట్ట కింది నీటి విషయంలో మాత్రం సెలవు తీసుకోండి. దానికి విడిగా ఒక అంకె, ఒక గడువు, ఖర్చు పెట్టుకునేవాడి పేరు రాయించుకుంటాం.

ఇట్లు,
విధేయుడు

తా.క.: ఈసారి శాంపిల్‌తో పాటు ఒక ఫారం ఇచ్చారు. 'ఇతర నీటి వనరు: ఉంది / లేదు' అని ఉంది. దేనికి టిక్కు పెడితే నీళ్ళు బాగు చేస్తారో వెంటనే తెలియజేయగలరు. శనివారం లోపు ఇవ్వాలట.